రోళ్ళ బండ

"దాన్నడిగితే ఏం చెప్తాది? దానికి పొయ్యి తప్ప ఊరు తెలీదు."

ఉగాదినాడు పంక్తిలో కూర్చుని నరసింహులు అన్న మాట అది. అందరూ నవ్వారు. ఓళిగల మీద నెయ్యి వడ్డిస్తున్న నీలావతి కూడా నవ్వింది. అడిగింది హిందూపురం నుంచి వచ్చిన సరోజమ్మ, నరసింహులు చిన్నాయన కోడలు, కొత్తగా పెళ్ళయిన పిల్ల. "అక్కా, పెనుకొండలో ముందు ఏం చూడాల?" అని ఇంటి ఇల్లాలిని మర్యాదగా అడిగింది, పాపం. నీలావతి నోరు తెరిచేలోపలే జవాబు మొగుడి నుంచి వచ్చింది. ఆ తర్వాత ఆయన చారన్నం కలుపుకుంటూ రాయలవారి రెండో రాజధాని గురించి, మూడు వందల అరవై అయిదు గుళ్ళ గురించి, గగన్ మహల్ గురించి అరగంట చెప్పాడు. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. సెలవొస్తే చాలు, స్నేహితుడు ఓబుళప్పను వెంటేసుకుని కొండా కోటా తిరగడం, శాసనాలు చూసి రావడం అలవాటు. ఊళ్ళో ఆయనకు అందుకే ఒక పేరుంది. అనంతపురం నుంచి ఏ అధికారి వచ్చినా కోట చూపించడానికి నరసింహుల్నే పిలుస్తారు.

నవ్వినప్పుడు తెలియలేదు. ఎంగిలాకులు తీసి, నేల తుడిచి, అందరి తర్వాత తాను కూర్చుని మిగిలిన ఓళిగ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నప్పుడు ఆ మాట గొంతుకడ్డం పడింది. తాడిమర్రి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్ళు. గగన్ మహల్ ఇంటికి అర మైలు కూడా ఉండదు. మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు దాని గోపురం కనిపిస్తుంది. ఒక్కనాడూ లోపలికి పోలేదు. నీళ్ళ బావి, అంగడి వీధి, రైలు స్టేషను, శ్రీరామనవమికి గుడి. ఆమె పెనుకొండ అంతే. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. లేకపోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది. పదకొండేళ్ళుగా ఒక మనిషికి తానుండే ఊరు తెలియకపోతే అది ఆ మనిషి తెలివితక్కువతనం ఎట్లా అయింది? సెలవులు ఆయనకొస్తాయి. ఆయనకు సెలవొచ్చిన రోజు ఇంట్లో విస్తళ్ళు రెట్టింపవుతాయి. పండుగంటే పిండి రుబ్బడం, పూర్ణం నూరడం, ఇరవైమందికి వడ్డించి ఇరవైమంది ఆకులు ఎత్తడం. ఆఫీసుకు సెలవిచ్చే గవర్నమెంటు పొయ్యికి ఎప్పుడిచ్చింది?

ఇల్లంతా పండుగ తిండికి మగతపడి నిద్రపోతోంది. అత్త కుళ్ళాయమ్మ ఇద్దరు మనవరాళ్ళను చెరొకపక్క వేసుకుని గురక పెడుతోంది. నీలావతి చెయ్యి కడుక్కుంది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ పెరటి వాకిలి దాకా వచ్చింది. ఏం అనుకుని వచ్చిందో ఆమెకే తెలియదు. ఒక పళ్ళెంలో కొబ్బరికాయ, రెండు పూలు పెట్టుకుని వీధిలోకి దిగింది. మామూలు రోజుల్లో ఒంటరిగా నడిచే ఆడమనిషిని నాలుగిళ్ళవాళ్ళు ఆపి అడుగుతారు. పండుగనాడు చేతిలో పళ్ళెముంటే ఎవరూ అడగరు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

గగన్ మహల్లో మనుషులు లేరు. గబ్బిలాల వాసన, చల్లటి గచ్చు, కమానుల్లోంచి పడిన ఎండ. మొగుడు అందరికీ చెప్పే గాలి దారులు, మేడ మెట్లు అన్నీ చూసింది. మేడ మీదికెక్కి చెరువు చూసింది. దిగుతున్నప్పుడు ఒక అనుమానం వచ్చింది. ఇంతమంది రాజులూ రాణులూ తిని బతికిన చోట వంటిల్లెక్కడ? ఆయన పదకొండేళ్ళలో సింహాసనం గురించి చెప్పాడు, చెరసాల గురించి చెప్పాడు, ఏ మంత్రి ఏ రాజుకు ఏం సలహా ఇచ్చాడో చెప్పాడు. అన్నం ఎక్కడ వండారో చెప్పలేదు. వెతుక్కుంటూ వెనక్కి నడిచింది. కూలిన గోడ దాటి, నాగజెముడు పొదల అవతల ఒక పరుపుబండ కనిపించింది. దానిమీద ఒకే వరుసలో అయిదు గుంతలు. దగ్గరికి పోయి చూస్తే రోళ్ళు. బండలోనే తొలిచిన రోళ్ళు. ఒకదాంట్లో చెయ్యి పెట్టింది. అద్దంలా నున్నగా ఉంది. రాయి అంత నునుపు కావాలంటే ఎన్నేళ్ళు దంచి ఉండాలి, ఎన్ని చేతులు దంచి ఉండాలి? అయిదుగురు ఆడవాళ్ళు ఈ ఎండలో పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకుంటూ దంచి ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. నీలావతి ఆ బండ మీద కూర్చుంది. ఎవరూ "ఏమ్మే" అని పిలవలేదు. ఒక గంట సేపు ఆ పిలుపు లేకుండా ఉండడం ఎట్లా ఉంటుందో ఆమెకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి తెలిసింది.

ఇంటికొచ్చేసరికి అత్త ఇంకా లేవలేదు.

ఆ ఏడు అట్లా మొదలయింది. శ్రీరామనవమి, బాబయ్య దర్గాలో గంధం, పీర్ల పండుగ, ఆగస్టు పదిహేను. ప్రతి పండుగకూ, సెలవుకూ వంట ముగిసి ఇల్లు నిద్రపోగానే ఆమె బయల్దేరేది. గంధం రోజు దర్గా దగ్గర జనంలో కలిసిపోయి నడిచింది. జైనుల గుళ్ళో పచ్చరాతి దేవుణ్ణి చూసింది. కొండ దారిలో సగం దాకా ఎక్కి, కాళ్ళు వణికి దిగివచ్చింది. ఎక్కడ తిరిగినా చివరికి రోళ్ళ బండ దగ్గరికి పోయి కాసేపు కూర్చునేది. ఏం ఆలోచించేదని అడిగితే చెప్పడానికేమీ లేదు. ఒక్కోసారి చిన్నప్పటి తాడిమర్రి. ఒక్కోసారి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కోసమే పోయేదేమో.

వినాయక చవితి సాయంత్రం నరసింహులు ఇంటికి వచ్చి, చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ, "ఈపొద్దు కోటలో ఎండ జాస్తిగా ఉన్నింది గదా?" అన్నాడు.

ఆయన ఆరోజు కోటకు పోలేదు. పోయింది తాను. నీలావతి చేతిలోని చెంబు అట్లాగే ఆగిపోయింది. "ఉన్నింది" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేది. అడగకుండా నవ్వాడు. పళ్ళు కనబడని నవ్వు.

చూసింది ఓబుళప్ప అని తర్వాత అత్త నోట తెలిసింది. "కోట వెనకాల పొదల్లో నీ పెండ్లాన్ని చూస్తినప్పా" అని చెప్పాడట. ఓబుళప్ప ఆ పొదల్లోకి ఎందుకు పోయాడని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ సందేహం రాలేదు. మగవాడు ఎక్కడున్నా ఆ చోటుకు అతడు కారణం చెప్పక్కరలేదు.

అప్పటినుంచి ఇంట్లో గాలి మారింది. ఎవరూ ఏమీ అనరు. అన్నీ చూస్తారు. ఆమె బావికి పోతే కుళ్ళాయమ్మ వాకిట్లో నిలబడుతుంది. వచ్చాక, "ఇంతసేపా?" అనదు, "బావిలో నీళ్ళు అడుక్కు పోయినాయేమో?" అంటుంది. తల దువ్వుకుంటుంటే, "పూలు ఎవరు తెచ్చిచ్చిరి?" అంటుంది, తానే పొద్దున కొన్న పూలను చూస్తూ. నరసింహులు పెద్దకూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మీయమ్మ నిన్న నీ జతకు వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడె?" అని కథ అడిగినట్టు అడుగుతాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, నాయన ముద్దు చేస్తున్నాడనుకుని, అంగడి శెట్టి పేరూ పోస్టు మనిషి పేరూ గుర్తు తెచ్చుకుని చెబుతుంది. పక్కగదిలో బియ్యంలో రాళ్ళేరుతూ నీలావతి వింటుంది. అన్నిటికన్నా ఆమెకు భయమేసింది వేరేదానికి. వాళ్ళు చూసినట్టే తనను తాను చూసుకోవడం మొదలుపెట్టింది. నిన్న కొత్త రవిక ఎందుకు తొడుక్కున్నాను? శెట్టి చిల్లర ఇస్తే ఎందుకు నవ్వాను? చెయ్యని తప్పుకు రుజువులు తానే వెతుకుతోంది. అనుమానం అంటువ్యాధి లాంటిది. ఎదుటింటి సుంకమ్మ పలకరించినా, ఈమెకు అత్త ఏం చెప్పిందోనని ఆ మొహంలో వెతికేది.

మానేద్దామనుకుంది. రెండు సెలవులు మానేసింది కూడా. మానేస్తే, "ఈమధ్య భయం పట్టుకుండాది" అని అత్త కొడుకుతో అనడం వినబడింది. పోతే తప్పు చేయడానికి పోయినట్టు. పోకపోతే తప్పు దాచడానికి మానేసినట్టు. ఇంక మానడమెందుకు?

విజయదశమినాడు నరసింహులు పొద్దున్నే సంచి తీసుకుని ధర్మవరం పోతున్నానన్నాడు. "రాత్రి బండికి వస్తా" అన్నాడు, అడగకపోయినా, రెండుసార్లు. మధ్యాహ్నం వంట ముగించి నీలావతి కోటవైపు నడిచింది. కూలిన గోడ దగ్గరికి వచ్చేసరికి వెనక గులకరాళ్ళు కదిలిన చప్పుడయింది. ఆగింది. చప్పుడూ ఆగింది. నడిచింది. మళ్ళీ చప్పుడు. ఒంటరి ఆడదాని గురించి పుట్టినప్పటినుంచీ విన్న మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవరు? ఓబుళప్పా? వంగి పిడికిట పట్టేంత రాయి తీసుకుంది. దారి తప్పినట్టు పొదల్లోంచి చుట్టు తిరిగి, గోడ పైభాగానికెక్కి కిందికి చూసింది.

గోడ చాటున ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. పక్కన ధర్మవరం సంచి. మెడ చాపి, రెప్ప వేయకుండా రోళ్ళ బండవైపు చూస్తున్నాడు.

రాయి చేతిలోంచి జారింది. భయం పోయింది. దాని చోట ఏదో వచ్చింది, కోపం కాదు, ఏడుపు కాదు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి వెనక తల అది. వారానికి రెండుసార్లు తాను నూనె పెట్టే తల. అది ఎవడో వస్తాడని ఎండలో ఎదురుచూస్తోంది. నిలదీయవచ్చు. కేకేస్తే చాలు. ఆమె కేకెయ్యలేదు. వచ్చిన దారినే దిగి, ఏమీ తెలియనట్టు పోయి, ఆయనకు బాగా కనబడేటట్టు బండ మీద కూర్చుంది. చూడనీ. కళ్ళారా చూడనీ. చూస్తే తెలుస్తుంది కదా. ఎవరూ రారు. ఎప్పుడూ ఎవరూ రాలేదు. గోడ చాటున ఆయన ఎవడికోసమో, బండ మీద ఆమె ఆయన లేచి వస్తాడని, ఇద్దరూ పొద్దు వాలేదాకా ఎదురుచూశారు. ఒక మేకల మంద పోయింది. ఒక కాకి రోట్లో నిలిచిన వాన నీళ్ళు తాగి పోయింది. ఎవరూ రాలేదు. ఆయనా లేవలేదు.

ఆమె ఇంటికి వచ్చిన అరగంటకు ఆయనొచ్చాడు. ధర్మవరం బండి తప్పిపోయిందన్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తిన్నాడు. మజ్జిగ పోస్తుంటే, తలెత్తకుండా, మెల్లగా అడిగాడు.

"ఈపొద్దు వాడు రాలేదా?"

నీలావతికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మజ్జిగ చెంబు కింద పెట్టింది. మూడు గంటలు కళ్ళారా చూసిన మనిషి అడుగుతున్నాడు. ఎవరూ లేకపోవడం ఆయనకు ఎవరూ లేరని చెప్పలేదు. వాడు తెలివైనవాడని మాత్రం చెప్పింది.

"ఎవరు?" అంది.

"నువ్వే చెప్పల్ల."

"మీరు గోడ చాటున కూకోనుంటిరి గదా. ఎవరన్నా వచ్చిరా?"

ఆయన మొహం నల్లబడింది. పట్టుబడ్డందుకు. "అయితే ఆడికి ఏం జేసేకి పోతాండావు?"

"రోళ్ళుండాయి. బండలో తొలిచినేవి, అయిదు. వాటిని చూసేకి పోతా. ఆడ కూకుంటా."

"రోళ్ళా?" నరసింహులు విస్తరి ముందునుంచి లేచాడు. "రోలు చూసేకి కోటకు పోతావా? ఇంట్లో లేదా రోలు?"

గడప దగ్గర కుళ్ళాయమ్మ ముక్కున వేలేసుకుంది. "అబద్ధం చెప్పినా అతికినట్టుండల్ల గదమ్మే."

రోలు ఇంట్లో ఉంది. నిజమే. దాన్ని చూస్తూ కూర్చోవడానికి మాత్రం ఎవరూ ఒక నిమిషం ఇవ్వలేదు.

దీపావళికి నరసింహులు రాసిన ఉత్తరం అందుకుని తాడిమర్రి నుంచి అన్న రంగప్ప వచ్చాడు. నాయన పోయాక ఇంటికి పెద్ద ఆయనే. పంచె మడిచి వసారాలో కూర్చుని, బావ చెప్పినదంతా తల వంచుకుని విన్నాడు. నరసింహులు గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా చెప్పాడు. ఎన్ని సెలవులకు పోయింది, ఎంతసేపు ఉంది, ఏ రవిక తొడుక్కుంది. అన్నీ తేదీలతో, శాసనం చదివినట్టు. "నాకు అనుమానం లేదు బావా. లోకానికి ఏమని చెప్పేది అని" అన్నాడు చివర్న.

రంగప్ప చెల్లెల్ని పెరట్లోకి తీసుకుపోయాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని తిరిగిన అన్న. "పాపా, ఏమన్నా మొక్కు ఉండాదేమో చెప్పు" అన్నాడు. "ఇద్దరూ ఆడపిల్లోళ్ళే గదా నీకు. కొడుకు కోసరం బాబయ్యకు మొక్కుకుంటి, తొమ్మిది పండగలు కోట చుట్టూ తిరుగుతానంటి అని చెప్పు. ఎవురూ ఏమీ అనరు. మీ అత్త కాళ్ళు కడుగుతాది నీకు."

వెనక అలికిడయింది. నరసింహులు వాకిట్లో నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఆయన కళ్ళల్లో మొదటిసారి ఏదో ఆశ కనిపించింది. "మొక్కని చెప్పు" అన్నాడు, గొంతు తగ్గించి. "నేను నమ్ముతా."

ఆ క్షణంలో నీలావతి ఆయన్ను చాలా స్పష్టంగా చూసింది. ఆయనకు నిజం అక్కరలేదు. దేవుడి కోసం, కొడుకు కోసం, మొగుడి కోసం, చివరికి ఇంకొక మగవాడి కోసమైనా సరే. ఎవరికోసమో పోయిందంటే అర్థమవుతుంది. దేనికోసమూ కాకుండా, తన కోసం తాను ఒక గంట పోయి కూర్చుందంటే ఆ తలకు అందదు. నోటిదాకా వచ్చింది మాట. అవును, మొక్కే. ఒక్క మాటతో అన్న నిశ్చింతగా బండెక్కుతాడు, అత్త పళ్ళెంలో తానే పూలు పెట్టిస్తుంది. తొమ్మిది పండుగలు. ఆ తర్వాత? మళ్ళీ ఊరు చూడాలంటే మళ్ళీ ఒక దేవుణ్ణి సాక్ష్యం తెచ్చుకోవాలి. కొడుకు పుట్టకపోతే ఆ నేరమూ తన కాళ్ళకే చుట్టుకుంటుంది.

"మొక్కు లేదన్నా" అంది. "చూడాలనిపిచ్చె. చూస్తి."

రంగప్ప నిట్టూర్చాడు. "అట్లయితే గుడ్డలు సర్దుకో. నాలుగు నెలలు మనింట్లో ఉందువు. బావకు కోపం తగ్గినాక చూద్దాం."

"నేను రాను."

"రాకుంటే ఈడ ఏం జేస్తావ్‌మే?" నరసింహులు గొంతు ఈసారి లేచింది.

"ఉంటా. పదకొండేండ్లుగా ఉండే ఊరు. ఇప్పుడిప్పుడే తెలుస్తాండాది. ఇంకా సగం చూళ్ళేదు." అన్నవైపు తిరిగింది. "అన్నా, అన్నానికి లేయి. పొద్దు పోతాండాది."

రంగప్ప అన్నం తిని, సాయంత్రం బండికి ఒక్కడే పోయాడు.

ఆ తర్వాత మూడు నెలలు నరసింహులు పెళ్ళాంతో మాట్లాడలేదు. "మీయమ్మను నీళ్ళు తెమ్మను", "మీయమ్మను చొక్కా యాడ పెట్టిందో అడుగు" అని పెద్దకూతురి చేత చెప్పించేవాడు. నీలావతి నీళ్ళిచ్చింది, చొక్కా ఇచ్చింది, అంతకుముందు లాగే వండింది. సెలవునాడు మాత్రం వంట ముగియగానే తల దువ్వుకుని, పెరటి వాకిలి మానేసి, వీధి వాకిలి నుంచి వెళ్ళేది. వెళ్ళేముందు, "కోటకు పోయొస్తా" అని ఇంట్లో అందరికీ వినబడేటట్టు చెప్పేది. పళ్ళెం తీసుకుపోవడం లేదు. అంగడి వీధిలో మాటలు ఆగిపోవడం, ఆమె దాటిపోయాక మళ్ళీ మొదలవడం వినబడేది. మొదట్లో వీపు మండేది. సంక్రాంతి దాటాక వీపుకు అలవాటయింది. ఆ మనుషులకు అలవాటయిందో లేదో ఆమె పట్టించుకోలేదు.

జనవరి ఇరవయ్యారున నరసింహులు జెండా పండుగకు హైస్కూలుకు పోయాడు. పిల్లలూ పోయారు. నీలావతీ కుళ్ళాయమ్మా వసారాలో చాట ముందర పెట్టుకుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. కాయలు చిట్లే చప్పుడే.

"ఏమ్మే" అంది కుళ్ళాయమ్మ ఉన్నట్టుండి. "ఆ మహల్లో మేడ మీదికి ఆడోళ్ళను పోనిస్తారా?"

నీలావతి వేళ్ళు ఆగాయి. ఇది ఎవరి ప్రశ్న? కొడుకు అడగమన్నాడా? మేడ మీద ఎవరుంటారో ఆరా తీయమన్నాడా? ఈ ఇంట్లో ఏ మాటా ఊరికే రాదని నేర్చుకుంది. ముసలామె మొహంలోకి చూసింది. కుళ్ళాయమ్మ చాటలోకే చూస్తోంది. చేతిలో ఉన్నది వట్టి పొట్టు. వేళ్ళు మాత్రం ఇంకా ఒలుస్తున్నట్టే కదులుతున్నాయి.

"ఆపేదానికి ఆడ ఎవరూ ఉండరత్తా."

"మెట్లు ఎత్తా?"

"మలుపు కాడ చీకటి. గోడ పట్టుకొని ఎక్కల్ల. పైకి పోతే చెరువు కనపడ్తాది. రైలు పోతాంటే కనపడ్తాది. మన మిద్దె గూడా."

"మన మిద్దె కనపడ్తాదా?" కుళ్ళాయమ్మ తలెత్తింది. "నేనీ ఊరికొచ్చి నలభై ఏండ్లాయ. మీ మామ ఒకతూరి పిల్చుకపోతాననె. పండగ పనిలో కుదర్లేదు. ఆ తర్వాత ఆయప్పే పాయె." చాట పక్కకు జరిపింది. ఒడిలోని పొట్టు దులుపుకుంది. వీధివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "జెండా కాడ్నుంచి వాడొచ్చేకి ఇంకా గంట పట్టదా? ఈలోపల పోయొద్దాం పా. వానికి చెప్పొద్దు."

ఇది ఉచ్చో, నలభై ఏళ్ళ కోరికో నీలావతికి తెలియలేదు. తెలియాల్సిన పని కూడా లేదనిపించింది. రెంటికీ జవాబు ఒకటే.

"వాడొచ్చినాకే పోదామత్తా" అంది, చాట మళ్ళీ ముందుకు లాక్కుంటూ. "చెప్పే పోదాం."